టైలరమ్మ ముందుపన్ను

బాత్రూం తలుపుకి లోపల గడియ పడి ఇరవై నిమిషాలైంది. పదకొండింటికి కింద క్లినిక్ కుర్చీలో ఉండాల్సిన మనిషి పదిన్నరకే లోపల దూరింది. కుళాయి చప్పుడు కూడా లేదు.

"అమ్మా, తలుపు తీస్తావా, తియ్యవా?" పళ్ళ డాక్టర్ గొంతులో కొడుకు కంటే డాక్టరే ఎక్కువ వినిపిస్తున్నాడు.

"తియ్యను."

"ఎంతసేపు కూర్చుంటావు అందులో?"

"నా పన్ను నా నోట్లోనే ఉంటుందని నువ్వు మాటిచ్చేదాకా."

వీధంతా ఆవిడని టైలరమ్మ అనే పిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు కింది ముందుగదిలో మిషను తొక్కి ఇద్దరు పిల్లల్నీ డాక్టర్లని చేసింది. రెండేళ్ళ కిందట కొడుకు ఆ గదిని ఎక్స్‌రే గదిగా మార్చి, మిషనుని డాబా మీద సామాన్ల గదిలోకి ఎక్కించాడు. "ఇంక హాయిగా కూర్చో అమ్మా," అన్నాడు. మిషను డాబా ఎక్కింది గానీ పేరు ఎక్కలేదు. ఇప్పటికీ ఆవిడ టైలరమ్మే.

అదే ఏడాది కొడుకు తన మొట్టమొదటి ఇంప్లాంట్ పన్నుని తల్లికే పెట్టాడు, పైవరసలో సరిగ్గా ముందుది. మూడు నెలలుగా ఆ పంటి చుట్టూ చిగురు వాచి, ముట్టుకుంటే రక్తం, నొక్కితే చీము. ఇవాళ తీసేస్తానని నిన్న రాత్రి భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు. అక్కడే మొదలైంది రభస.

కోడలు చేతిలో తువ్వాలుతో గోడకానుకుని నిలబడి ఉంది. క్లినిక్‌లో ఫోన్లెత్తేదీ, ఇంట్లో అందరి కోపాలూ సర్దేదీ ఆవిడే. ఆడపడుచుకి ఫోన్ చేసి పిలిపించింది కూడా ఆవిడే. ఆ సంగతి భర్తకి తెలుసు. అందుకే పొద్దున్నించి భార్యతో మాటల్లేవు.

ఆ ఆడపడుచు మెట్లెక్కి వచ్చింది. వేరే ఆసుపత్రిలో చిగుళ్ళ డాక్టర్. అన్న కంటే ఆరేళ్ళు చిన్న. ఇంట్లో అందరికీ చిన్నదే.

"ఎక్స్‌రే చూశాను అన్నయ్యా," అంది ఫోన్ చూపిస్తూ. "ఎముకలో దిగిన స్క్రూ రాయిలా ఉంది. ఇసుమంత కూడా కదిలినట్టు లేదు. దాన్నెందుకు పీకడం?"

"చుట్టూ ఎముక కరిగిపోతోంది గనక."

"చుట్టూ కాదు, ఒక్క పక్కే. చూడు, ఇక్కడ గిన్నెలా గుంట పడింది. రెండో పక్క శుభ్రంగా ఉంది."

"ఇవాళ ఒక పక్క, రేపు రెండో పక్క. ఆ పక్కనున్న సొంత పంటి ఎముక కూడా పోతే నువ్వు తెచ్చిస్తావా? ఇప్పుడే తీసేస్తే ఉన్నదైనా మిగులుతుంది."

అతను చెప్పేదాంట్లో అబద్ధం లేదు. అదే చిన్నదాన్ని చిరాకు పెట్టింది.

"తీసేముందు ఒక్కసారి తెరిచి చూడు. ఒక్క పక్కే వాచిందంటే, ఆ పక్కన చిగురు కింద ఏదో ఉంది."

"ఏదో అంటే?"

ఆమె ఫోన్‌లో ఎక్స్‌రేని పెద్దది చేసింది.

"చెప్పు. ఏదో అంటే ఏమిటి? సిమెంటు. నేను వదిలేసిన సిమెంటు. అదేగా నీ మాట?"

"నేనన్నానా?"

"నువ్వు అనలేదు. నీ మొహం అంటోంది."

ఎముకలో స్క్రూ ఉంటుంది. దాని మీద చిన్న పీటలాగా అబట్‌మెంట్ ఇంకో బుల్లి స్క్రూతో బిగుస్తుంది. ఆ పీట మీద పంటి క్యాప్‌ని సిమెంటుతో అతికిస్తారు. ఆ సిమెంటు ఆవగింజంత ఎక్కువై చిగురు కిందికి జారిందా, అక్కడే గడ్డకట్టి కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, తర్వాత చిగురుని వాపిస్తుంది, ఎముకని తినేస్తుంది. పళ్ళ డాక్టర్‌కి ఇది తెలియక కాదు. బాగా తెలుసు గనకే మూడు రోజులుగా నిద్ర లేదు. తెరిచి చూస్తే తన తప్పు కళ్ళెదుట కనిపిస్తుందేమోనని భయం. పీకేస్తే చెత్తబుట్టలో పోతుంది, ఎవరూ చూడరు.

మెట్ల పక్కన గోడ మీద తల్లి నవ్వుతున్న ఫొటో ఉండేది, కింద "మా మొదటి ఇంప్లాంట్" అని రాసి. మొన్న దాన్ని దించేశాడు. మేకు మాత్రం ఉంది.

"ఈ సంగతి బయటికి పొక్కితే," అన్నాడు గొంతు తగ్గించి, "మలుపులో ఆ పెద్ద పళ్ళ ఆసుపత్రి వాళ్ళు పండగ చేసుకుంటారు. ఇప్పటికే సగం మందిని లాక్కున్నారు. సొంత తల్లి పన్నే నిలబెట్టలేనివాడు మన పళ్ళేం నిలబెడతాడని..."

"ఏమిటర్రా ఆ గుసగుసలు?" తలుపు వెనక నుంచి కేక. "నా పన్ను గురించి నాకు వినపడేట్టు మాట్లాడండి!"

చిన్నది తలుపు దగ్గరికెళ్ళి నేల మీద చతికిలబడింది.

"అమ్మా, చొక్కా కాలర్ ఎలా కుడతావు?"

"నన్నడుగుతున్నావా? కాలర్ బ్యాండ్‌కి మడత పెట్టి, దగ్గర కుట్టు వేసి..."

"కుడతావు కదా. సొంత పంటికి చిగురు అలా ఉంటుంది. పీచులు పంటిలోకి దిగి కుట్టేసి ఉంటాయి. దుమ్మూ ధూళీ లోపలికి పోదు. కానీ ఈ అబట్‌మెంట్ ఉందే, దానికి చిగురు కుట్టి ఉండదు. మెడకి మఫ్లర్ చుట్టినట్టు హత్తుకుని ఉంటుందంతే. అందులోకి ఏదైనా దూరితే అడ్డుకునే కుట్టు లేదు. ఏం దూరిందో చూస్తాను. తీసేస్తాను. పన్ను పీకను."

"నువ్వా, వాడా?"

"నేనే."

"వాడు?"

చిన్నది అన్న వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒక పని చేద్దాం అన్నయ్యా. తెరిచాక అక్కడ ఏమీ లేదనుకో, స్క్రూ తీసెయ్. నేను నోరెత్తను. ఇంకెప్పుడూ నీ కేసుల్లో వేలు పెట్టను."

కోడలు చేతిలో తువ్వాలు నాలుగోసారి మడత పెట్టింది.

"నోట్లో నీళ్ళు లాగే గొట్టం ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు చివరికి.

గడియ తీసిన చప్పుడైంది.

*

కుర్చీలో పడుకున్న టైలరమ్మ రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుంది. పై పెదవి మొద్దుబారి ఒక పక్కకి వేలాడుతోంది. కోడలు ఆవిడ పాదాల దగ్గర నిలబడి, అవసరం లేకపోయినా దుప్పటి సర్దుతోంది.

చిన్నది మెత్తటి ప్లాస్టిక్ కొలత పుల్లతో చిగురు లోతు మిల్లీమీటర్లలో చూసింది. "మూడు. మూడు. మూడు." పంటి ఎడమ పక్కకి వచ్చేసరికి పుల్ల లోపలికి జారిపోయింది. "ఆరు." రక్తం చిప్పిల్లింది.

పళ్ళ డాక్టర్ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. పదేళ్ళలో మొదటిసారి తన కుర్చీ పక్కన తనే సహాయకుడు.

చిన్నది పంటి వెనక నుంచి సన్నగా రంధ్రం చేసింది. లోపల అబట్‌మెంట్‌ని బిగించిన బుల్లి స్క్రూ తల మెరిసింది. చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పింది. ఒక చుట్టు. రెండు. క్యాప్, అబట్‌మెంట్ కలిసి ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చాయి.

దాన్ని లైటు కింద పట్టుకుని ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఏమిటి? ఎంత ఉంది సిమెంటు?" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను అన్నయ్యా. అతుకు అంచు అద్దంలా ఉంది. రవ్వంత సిమెంటు లేదు. ఇంత శుభ్రంగా నేను కూడా చెయ్యలేను."

అతను గొట్టం పక్కన పెట్టేశాడు.

"మరి అక్కడేముంది?" అంది కోడలు మెల్లగా.

అబట్‌మెంట్ మెడ చుట్టూ, క్యాప్ అంచు కింద, నల్లగా ఏదో చిక్కు పడి ఉంది. గడ్డకట్టిన రక్తం అనుకుంది చిన్నది. పట్టకారుతో కొస పట్టుకుని లాగింది. అది రాలేదు. సాగింది. మెడ చుట్టూ మూడు చుట్లు తిరిగి, ఎడమ పక్కన ముద్దకట్టి ఉంది. విప్పి, ఉప్పునీళ్ళ గిన్నెలో వేసి కదిపింది. నలుపు వదిలింది. నీళ్ళలో ముదురు నారింజ రంగు పోగు తేలింది.

పళ్ళ డాక్టర్ గిన్నె మీదికి వంగాడు.

"దారం," అంది చిన్నది.

"దారం!" పళ్ళ డాక్టర్ అరిచాడు. "సిమెంటు కాదు! దారం! కుట్టు దారం!" గిన్నెని ఎత్తి లైటు కింద పెట్టాడు, కోడలికి చూపించాడు, మళ్ళీ తనే చూసుకున్నాడు. మూడు రోజులుగా గుండెల మీద ఉన్న బండ దొర్లిపోయినట్టుంది. నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు అతనికి.

తర్వాత తల్లి వైపు తిరిగాడు. "అమ్మా. పంటితో దారం తెంపావా?"

టైలరమ్మ పైకప్పుని పరీక్షగా చూడసాగింది.

దర్జీ పని చేసేవాళ్ళకి కత్తెర ఎప్పుడూ రెండో ఆయుధమే. అది బట్టల కింద ఎక్కడో దాక్కుంటుంది. పన్ను మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. కుట్టు పూర్తవగానే తల వంచడం, టుక్కున తెంపడం. ఆవిడ సొంత ముందుపన్ను కూడా అలా ముప్ఫై ఏళ్ళు దారం కోసి కోసి, గాడి పడి, ఒక రోజు విరిగిపోయింది. కొత్త పన్ను పెట్టిన రోజు కొడుకు చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించాడు, పంటితో దారం తెంపనని.

"ఒక్కసారే," అంది మొద్దుబారిన పెదవితో. "బొత్తాం ఊడితే..."

"ఒక్కసారికి మూడు చుట్లా?" అంది చిన్నది. "పళ్ళ సందులో దారం ఇరుక్కుంటే లాగేశావు. అది పోగులుగా చీలి చిగురు కింద మిగిలిపోయింది. మళ్ళీ తెంపావు, మళ్ళీ చీలింది."

పళ్ళ డాక్టర్‌కి ఇవేమీ పట్టలేదు. ఆ పోగుని చిన్న గాజుసీసాలో వేసి మూత పెడుతున్నాడు. ఏ బొత్తాం, ఎవరి చొక్కా, ఇంట్లో నారింజ రంగు బట్ట ఎవరికుంది, ఇవేవీ అడగలేదు. నిర్దోషి అని తేలినవాడు అంతే, తీర్పు చాలు.

కోడలు మాత్రం తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తోంది. ఆ చూపు చిన్నదాని కంట పడింది.

ఆమె తల్లి నోటి వైపు తిరిగింది. ముందు పని ఉంది. గీత పడకుండా మెత్తటి పరికరంతో స్క్రూ మెడ శుభ్రం చేసింది. చిగురు కింద ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగింది. పన్ను బదులు చిగురు మానడానికి చిన్న మూత బిగించింది.

"ఆరు వారాలు ఇలాగే ఉండాలి. తర్వాత చూద్దాం, ఎముక మన మాట వింటుందో లేదో."

*

ఎముక విన్నది.

ఆరు వారాల తర్వాత కొలత పుల్ల నాలుగు వైపులా మూడు దగ్గరే ఆగింది. చుక్క రక్తం లేదు. చిగురు లేత గులాబీ రంగులోకి తిరిగి, మూత చుట్టూ బిగుతుగా కూర్చుంది. ఎక్స్‌రేలో గుంట అంచు గట్టిపడి తెల్లటి గీతలా కనిపించింది. కరగడం ఆగిపోయింది.

"ఆగిపోయింది!" చిన్నది కుర్చీ పక్కనే గెంతింది. చిగుళ్ళ డాక్టర్లు అలా గెంతకూడదని ఎక్కడా రాసి లేదు.

"నువ్వు లేకపోతే పీకేసేవాణ్ణి," అన్నాడు పళ్ళ డాక్టర్. అన్న నోట అంత మాట వినడం ఆమెకి ఇదే మొదలు. "అక్షరాలా పీకేసేవాణ్ణి చిన్నా. భయంతో."

"తెలుసు," అంది ఆమె.

కొత్త పన్ను సిద్ధంగా ఉంది. ఈసారి సిమెంటు లేకుండా, స్క్రూతోనే బిగించేది చేయించాడు. గోడ మీద మేకుకి ఫొటో మళ్ళీ ఎక్కింది. రిసెప్షన్ బల్ల మీద గాజుసీసా ఆరు వారాలుగా కొలువుదీరి ఉంది. వచ్చినవాళ్ళందరికీ అతను కథ చెప్తాడు, సీసా లైటుకి పట్టి పోగు చూపిస్తాడు. కోడలు దాన్ని పూలకుండీ వెనక పెడుతుంది. అతను మళ్ళీ ముందుకి తెస్తాడు.

పైన డాబా మీద వాషింగ్ మెషీన్ రొద చేస్తోంది.

"ముగ్గురు మనుషులం," అని సణిగాడు చేతులు కడుక్కుంటూ. "ఆరు నెలలుగా రోజంతా ఆ మెషీన్ తిరుగుతూనే ఉంటుంది. ఏం ఉతుకుతావు అన్నేసి?"

"మరకలండీ," అంది కోడలు ఎప్పటిలాగే.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. తెల్ల యూనిఫాంలో ఒకమ్మాయి లోపలికొచ్చింది. చంకలో కాగితం పొట్లం ఉంది.

"టైలరమ్మగారు ఉన్నారాండీ? బయటి మెట్లెక్కి డాబా మీదికెళ్ళాను, అక్కడ వాషింగ్ మెషీన్ తప్ప ఎవరూ లేరు. కింద ఉంటారేమోనని వచ్చాను."

కోడలు లేచి ఆ అమ్మాయికి అడ్డంగా నిలబడింది. కానీ ఆ అమ్మాయి పొడుగు.

"మీరు కుట్టినవి మాత్రమేనండీ చంకల్లో పట్టెయ్యట్లేదు!" అంది తలుపులోంచి కుర్చీ వైపు చూస్తూ. "మా స్టాఫంతా అదే మాట. మా పెద్ద డాక్టర్‌గారైతే తన కోటు కూడా మీరే కుట్టాలన్నారు."

పళ్ళ డాక్టర్ ఆ యూనిఫాం వైపు చూశాడు. తెల్లటి బట్ట. జేబు అంచునా, కాలర్ చుట్టూ ముదురు నారింజ రంగు కుట్టు. మలుపులోని పెద్ద పళ్ళ ఆసుపత్రి గుర్తు జేబు మీద అదే దారంతో కుట్టి ఉంది.

బల్ల మీది సీసా తీసుకున్నాడు. జేబు పక్కన పెట్టాడు. రంగు అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"అయితే ఆ వాషింగ్ మెషీన్..." అన్నాడు.

"ఉత్తినే తిరుగుతుందండీ," అంది కోడలు ఇంక లాభం లేదని. "కుట్టుమిషను చప్పుడు మీకు వినపడకుండా."

"ఎవరికి? వాళ్ళకా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అమ్మా నీకు?"

టైలరమ్మ మెడకి కట్టిన కాగితం తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. లేచి కూర్చుంది. ముందు పన్ను లేని నోరు, మధ్యలో మెరిసే చిన్న మూత. అయినా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"వాళ్ళే వచ్చి అడిగారు. నువ్వెప్పుడైనా అడిగావా? మీ స్టాఫ్ యూనిఫాంలు రెడీమేడ్‌వి. భుజాలు జారిపోతుంటాయి. చూడలేక నా కళ్ళు నొప్పెడుతున్నాయి."

చిన్నది పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది.

"నవ్వడానికి పన్ను పెట్టావు నాన్నా," అంది టైలరమ్మ. గొంతు తగ్గింది. "మంచిదే. కానీ పని తీసేశావు. ఏడాదిన్నర కిటికీ పక్కన కూర్చున్నా. హాయిగానే ఉంది, తిండి ఉంది, టీవీ ఉంది. చేతులకే ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ ఏడాదిన్నరలో ఈ పన్నుతో ఎన్నిసార్లు నవ్వానో వేళ్ళ మీద చెప్పగలను. వాళ్ళ మొదటి యూనిఫాం కుట్టిన రోజు పగలబడి నవ్వాను. అడుగు, కోడల్ని."

"నవ్వారండీ," అంది కోడలు. "నేను భయపడి వాషింగ్ మెషీన్ వేసింది ఆ రోజే."

"పన్ను కావాలి, మిషనూ కావాలి. రెండిట్లో ఒకటే అంటే పన్ను నీ దగ్గరే ఉంచుకో. ఇలాగే కుట్టుకుంటాను."

పళ్ళ డాక్టర్ ఒక చేతిలో సీసా, ఒక చేతిలో కొత్త పన్నుతో నిలబడిపోయాడు. యూనిఫాం అమ్మాయి పొట్లాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

అతను పన్ను పళ్ళెంలో పెట్టాడు. సొరుగు తెరిచి వెతికాడు. చిగుళ్ళకి కుట్లు వేశాక దారం కత్తిరించే సన్నటి కత్తెర తీశాడు. గాజుగుడ్డ పట్టీ ఒకటి చింపి, కత్తెర వేలిపట్టులోంచి దూర్చి, ముడి వేశాడు. తల్లి మెడలో వేశాడు.

"ఇది ఇక్కడే వేలాడాలి," అన్నాడు. "నోటికి జానెడు దూరంలో. తెంపాల్సి వస్తే ఇది. పన్ను కాదు. నాన్నా అని పిలిచావు గనక చెప్తున్నా, నా మాట వినాలి."

టైలరమ్మ కత్తెరని చేతిలోకి తీసుకుంది. ఆ అమ్మాయిని దగ్గరికి రమ్మని, మోచేతి దగ్గర వేలాడుతున్న నారింజ పోగుని టుక్కున కత్తిరించింది.

"పదునుంది," అంది. మళ్ళీ పడుకుని నోరు తెరిచింది.

ఈసారి బిగించింది అన్నే. పక్కన గొట్టం పట్టుకుంది చెల్లెలు. స్క్రూ ఒక చుట్టు, రెండు చుట్లు, కిర్రుమని ఆగింది. చిన్నది పంటి చుట్టూ చిగురు అంచు చూసింది. ఎక్కడా సందు లేదు. వెనక రంధ్రం మూసేశారు. అద్దం ఇచ్చారు.

టైలరమ్మ అద్దంలో నవ్వింది. గోడ మీది ఫొటోలో నవ్వు దీని ముందు దిగదుడుపే. కోడలు చప్పట్లు కొట్టింది. యూనిఫాం అమ్మాయి కూడా కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

తర్వాత ఆవిడ కుర్చీ దిగి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, నడుములోంచి టేపు తీసింది. ఎక్స్‌రే గది తలుపు తోసింది. గోడ నుంచి కిటికీ దాకా కొలిచింది.

"అమ్మా, అక్కడేం చేస్తున్నావు?"

"కత్తెర బావుంది. ఇప్పుడు గది సంగతి చూద్దాం. డాబా మెట్లు ఇంక ఎక్కలేను. ఈ ఎక్స్‌రే మిషను ఎటు జరుపుతావో నీ ఇష్టం. నా బల్ల మాత్రం కిటికీ పక్కనే ఉండాలి, ఎప్పటిలాగే."

"అమ్మా, అది..."

"అయితే అమ్మగారూ," అంది యూనిఫాం అమ్మాయి సంబరంగా, "మా పెద్ద డాక్టర్‌గారు కోటు కొలతలివ్వడానికి ఇక్కడికే రావచ్చాండీ? బయట కారులోనే ఉన్నారు."

టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది, కత్తెర పక్కన.

"రమ్మను," అంది.

పళ్ళ డాక్టర్ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. వీధిలో కారు తలుపు వేసిన చప్పుడైంది.